‘అంతకు ముందు’ అనే గడి

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, బడులు తెరిచే జూన్ పన్నెండున, ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా చేరాను. పెద్దాపురం నుంచి గంట లోపు ప్రయాణం. బడి ముందు పంట కాలువ, వెనక వరి చేలు. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే ఆడపిల్లలిద్దరూ ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి వాళ్ళ పేర్లు మార్చాను. ఎస్తేరు రాణి గారి పేరు మాత్రం మార్చలేదు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ సంస్మరణ సభలో నన్ను రెండు నిమిషాలు మాట్లాడమంటే, మంచి టీచరు గారని చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది ఇది.

ప్రధానోపాధ్యాయుడంటే సంతకాలు పెట్టేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి వారానికి కొన్ని పీరియడ్లు పాఠం కూడా చెప్పాలి. నాది లెక్కలు. తొమ్మిదో తరగతి తీసుకున్నాను. ఆ తరగతిలో నాకు మంచి పేరే ఉండేది. ఎవరినీ కొట్టను, కేకలెయ్యను. నా సాధనం వెటకారం. మా గోదావరి జిల్లాల్లో అది ప్రత్యేకంగా నేర్చుకునే విద్య కాదు. ఎదుటివాళ్ళను ‘అండీ’, ‘గారూ’, ‘తమరూ’ అని గౌరవిస్తూనే నిలబెట్టి కడిగెయ్యడం ఇక్కడ అందరికీ వచ్చు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి “దయచెయ్యండి, తమరి కోసమే గంట కొట్టకుండా ఆపాం” అంటే వాడూ నవ్వేవాడు, తరగతీ నవ్వేది. దెబ్బ లేని క్రమశిక్షణ అని దాని గురించి గర్వపడేవాణ్ణి.

ఆగస్టులో జిల్లా విద్యాశాఖ కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లల మానసిక ఆరోగ్యం, తగాదాల పరిష్కారం మీద రాజమండ్రిలో మూడు రోజుల శిక్షణ. ప్రతి ఉన్నత పాఠశాల నుంచి ఒకరిని పంపాలి. ఆ ముందు ఏడాది కొన్ని బడుల్లో పిల్లలు కొట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళారు, అందుకు ఇది. స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపిస్తే అందరికీ పనులు గుర్తొచ్చాయి. ఒకరికి వరి నాట్లు, ఒకరికి పెళ్ళి, ఒకరికి మోకాళ్ళ నొప్పి. చివరికి జీవశాస్త్రం చెప్పే ఎస్తేరు రాణి గారు తాను వెళ్తానన్నారు. ఆవిడ లూథరన్ కుటుంబం. తండ్రి, తాత కూడా ఉపాధ్యాయులే. ఎక్కువ మాట్లాడరు. మాట్లాడితే మాత్రం అవతలివాడు సర్దుకోవాల్సి వచ్చేది.

“మూడు రోజుల్లో కోపం తగ్గించడం నేర్పిస్తారంటండి. మీరు నేర్చుకుని, మిగిలింది మాకు పట్టుకురండి” అన్నాను.

“తమరికి సరిపడా మిగలదేమోనండి, సార్” అన్నారు ఆవిడ, సంచి సర్దుకుంటూ.

ఆవిడ తెచ్చిన సామగ్రిలో రకరకాల ముఖాల బొమ్మలున్న పటం ఒకటి. సంతోషం, బాధ, కోపం, భయం. పిల్లలు ఆ రోజు తమకెలా ఉందో, తలా ఒకటి ఇచ్చిన దాని చిన్న నకలు మీద టిక్కు పెట్టాలి. మొదటి శనివారం ఆఖరి పీరియడ్‌లో పెట్టిస్తే, తొమ్మిదో తరగతి మొత్తం సంతోషం మీదే పెట్టింది. అది సరైన జవాబని అనుకున్నారు. ఒకడు పక్కవాడి కాగితంలో చూసి మరీ పెట్టాడు. నోటితో అడిగినా అంతే. “ఏమనిపించిందమ్మా?” అంటే “ఏం లేదండి.” మా పిల్లలకు అది మర్యాద. పెద్దవాళ్ళు ఏమడిగినా ముందు ఏం లేదనే చెప్పాలి.

ఎస్తేరు రాణి గారు పటం చుట్టి బీరువా మీద పెట్టేశారు. ఏమనిపించింది అని అడగడం మానేసి, ఎక్కడ అని అడగడం మొదలుపెట్టారు. “వాడు ఆ మాటన్నప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసిందిరా?” దానికి పిల్లలు వెంటనే చెప్పేవారు. చెవులు వేడెక్కాయండి. కడుపులో మంటండి. గొంతు దగ్గర ఏదో అడ్డం పడిందండి. జీవశాస్త్రం టీచరు కదా, శరీరం గురించి అడిగితే పాఠమేమో అనుకుని చెప్తున్నారని ఆవిడ నాతో అన్నారు.

రెండో మార్పు, వినడంలో. శిక్షణలో చెప్పిన పద్ధతి ప్రకారం గొడవ పడ్డ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. విన్నారనడానికి అదే రుజువు. మా పిల్లలు తిరిగి చెప్పమంటే వెక్కిరిస్తూ చెప్పేవారు. మాటలు అవే ఉంటాయి, గొంతు మారుతుంది. దాంతో రెండో గొడవ. అందుకని ఆవిడ ఒక నియమం పెట్టారు: మాట మార్చకుండా, గొంతు మార్చకుండా. ఇందులో రెండోదే కష్టం. పదిసార్లు చెప్పించేవారు.

మూడోది, కాగితంలో. గొడవ జరిగితే నింపడానికి ఒక నమూనా ఇచ్చారు. తేదీ, స్థలం, ఎవరెవరు, ఏం జరిగింది, ఏ చర్య తీసుకున్నారు. ‘ఏం జరిగింది’ పక్కన ఆవిడ స్కేలు పెట్టి ఇంకో గడి గీశారు. పైన ‘అంతకు ముందు’ అని రాశారు. ఆ గడి నిండితే దాని కింద మళ్ళీ అంతకు ముందు. చెప్పడానికి ఏమీ మిగలనంత వరకు వెనక్కి వెళ్ళాలి. ప్రభుత్వ నమూనా మార్చకూడదు కదండీ అన్నాను. ఇది అదనపు సమాచారం కదండీ అన్నారు. సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే, ఆడవాళ్ళు ఏదో చేసుకుంటున్నారులే అన్న చులకన నాలో ఉండేది.

నవంబరులో, వరి కోతల రోజుల్లో, మధ్యాహ్న భోజనం వేళ కుళాయిల దగ్గర కేకలు వినిపించాయి. నేను వెళ్ళేసరికి దుర్గ అనే అమ్మాయి నుదురు పట్టుకుని కూర్చుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. ఎదురుగా నూకరత్నం అనే అమ్మాయి స్టీలు కంచం పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ తొమ్మిదో తరగతే. నూకరత్నం కంచం అంచుతో కొట్టింది. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. దెబ్బ ఇంకొంచెం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టరు చెప్పారు.

దుర్గ తండ్రి సత్తిబాబు గారు మా బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్. రైతు. మాట కరుకు గానీ బడికి చేసిన మనిషి. సాయంత్రం నా గదిలోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పారు.

“మాస్టారూ, నాకు గొడవ ఇష్టం లేదండి. రేపటికల్లా ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపెయ్యండి. లేదంటే ఎల్లుండి స్టేషన్‌కెళ్తాను. తర్వాత నన్నేవనుకోవద్దు.”

టీసీ అంటే బడి మార్చుకునేటప్పుడు ఇచ్చే బదిలీ పత్రం. ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ప్రభుత్వ బడి పిల్లల్ని వెళ్ళగొట్టదు. అలా చేస్తే కారణం చూపాలి, పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. అందుకని తల్లి గానీ తండ్రి గానీ ‘మా సొంత కారణాల వల్ల మా అమ్మాయికి టీసీ ఇప్పించ ప్రార్థన’ అని అర్జీ పెట్టుకుంటారు. ఆ అర్జీ మేమే రాస్తాం. వాళ్ళు సంతకం పెడతారు. రికార్డులో అంతా సవ్యంగా ఉంటుంది. నా సర్వీసులో అలాంటి అర్జీలు ఎన్నో రాశాను. నూకరత్నం తల్లి పేరు మీద కూడా ఆ సాయంత్రమే ఒకటి రాసి పెట్టాను.

ఆ కాగితం మీద సంతకం పడితే ఏమవుతుందో నాకు తెలుసు. దగ్గర్లో వేరే ఉన్నత పాఠశాల ఆటో ఎక్కితే తప్ప లేదు. ఆ ఇంట్లో ఆటోకి పంపే స్తోమత లేదు. ఆ వయసులో బడి మానేసిన ఆడపిల్లల్ని ఉదయాన్నే వ్యాను వచ్చి రొయ్యలు ఒలిచే షెడ్డుకి ఎక్కించుకుపోతుంది. అంతకు ముందు ఏడాది మా బడి నుంచే ఇద్దరు అలా వెళ్ళారు. తెలిసే రాశాను. అవతల స్టేషను, కేసు, పేపర్లో బడి పేరు. ఒక అర్జీతో అన్నీ తప్పుతాయి.

మర్నాడు తల్లి వచ్చింది. పేరు మంగ. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి. వీళ్ళది ఉప్పాడ. అక్కడ మగ్గం నేసేవారు. ఆ ఏడాది ఎండాకాలంలోనే ఆమె అన్నగారి పంచకు ఈ ఊరు వచ్చారు. ఇక్కడ మగ్గాలు లేవు కాబట్టి కూలికి వెళ్తోంది. ఇదంతా నాకు ఆ రోజే తెలిసింది. కాగితం ముందు పెట్టి, కలం ఇచ్చాను. ఆమె కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చదువుతుందని నేననుకోలేదు.

“సంతకం పెట్టమంటే పెడతానండి. మా పిల్ల కొట్టింది నిజవేనండి, తప్పేనండి. కానీ అయ్యగారూ, ఇందులో నేనడిగినట్టు రాశారేంటండి? నేనడగలేదు కదండీ.”

 అది పద్ధతమ్మా అన్నాను. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఎస్తేరు రాణి గారు లోపలికొచ్చి, నాకు రెండు రోజులు గడువిప్పించండి సార్, ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితం నింపుతాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నారు. సత్తిబాబు గారికి ఫోను చేస్తే, ఇంకో రెండు రోజులకి నా కూతురి కుట్లు మానిపోవు కదండీ, కానివ్వండి అన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. టీచరు గారు ఒక్కరే కాదు, హెడ్‌మాస్టరు కూడా కూర్చోవాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

శిక్షణ ప్రకారం అధికారి అక్కడ ఉండకూడదు. అధికారి ఉంటే పిల్లలు నోరు విప్పరు. తప్పనిసరై కూర్చున్నాను. సైన్సు ల్యాబులో రెండు బల్లలు దగ్గరకు జరిపారు. నా పని రాయడమేనని, మధ్యలో మాట్లాడకూడదని ఆవిడ ముందే చెప్పారు. రాయడానికి కాగితం అడిగితే, మీ దగ్గరున్నదే సగం ఖాళీగా ఉంది కదండీ అన్నారు. జేబులోంచి ఆ టీసీ అర్జీ తీసి వెనక వైపు గడులు గీసుకున్నాను. ప్రభుత్వ బడుల్లో కాగితం రెండో వైపు వాడడం అలవాటే. ఆవిడ కావాలనే అన్నారో లేదో ఇప్పటికీ తెలియదు.

దుర్గ కట్టుతో వచ్చింది. నూకరత్నం తల దించుకుని కూర్చుంది.

ఏం జరిగిందన్న గడి నింపడానికి నిమిషం పట్టలేదు. కంచంతో కొట్టింది. అంతకు ముందు?

దుర్గ బల్ల వైపు చూస్తూ చెప్పింది. “నేనొక మాటన్నానండి.”

“ఏ మాటమ్మా? అదే మాట. గొంతు మార్చకుండా.”

“ఇల్లు పోయిందని చెప్పి మా నాన్న దగ్గర ఇళ్ళ స్థలం అడుగుతుందంట మీయమ్మ. తల్లీకూతుళ్ళిద్దరూ కోతలే, అన్నానండి.”

రాశాను. ఎస్తేరు రాణి గారు నూకరత్నం వైపు తిరిగి, ఆ మాట అన్నప్పుడు ఎక్కడ తెలిసిందమ్మా అని అడిగారు. చేతుల్లోనండి అంది ఆ పిల్ల. “నన్నన్నప్పుడు చెవుల్లో తెలిసేదండి. అమ్మనన్నప్పుడు చేతుల్లోకొచ్చేసిందండి.”

అంతకు ముందు? దసరా సెలవుల తర్వాత నల్లబల్ల మీద ఎవరో ‘కోతలు గారు వచ్చారు’ అని రాశారు. అంతకు ముందు? హాజరు పిలిచేటప్పుడు నూకరత్నం పేరు రాగానే వెనక బల్లల వాళ్ళు కోడిలా ‘కోత’ అని అరిచేవారు. మంచినీళ్ళ దగ్గర, ఆటల పీరియడ్‌లో, దారిలో సైకిళ్ళ మీద పోతూ, ఐదు నెలలు. అల్లరనుకున్నాం తప్ప, అది ఎవరి పేరో ఒక్క ఉపాధ్యాయుడికీ తెలియదు. నేను రాస్తూనే ఉన్నాను. గడి కింద గడి వచ్చింది. కాగితం అడుగుకి చేరుకున్నాను.

“ఈ కోతలు అనే పేరు ముందు ఎవరు పెట్టారమ్మా?”

 బయట ఎవరో చీపురుతో వరండా ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. దుర్గ నా వైపు ఒకసారి చూసి, వెంటనే టీచరు వైపు చూసింది.

“హెడ్‌మాస్టారు గారండి.”

నా కలం ఆగింది. ఆవిడ నన్ను చూడలేదు. దుర్గతోనే, “సారు ఏమన్నారో అదే మాట చెప్పమ్మా. గొంతు మార్చకుండా” అన్నారు.

దుర్గ రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. “రావట్లేదండి టీచర్. గొంతు మార్చకుండా రావట్లేదండి.”

“సరే. ఎలా వస్తే అలా చెప్పు.”

అప్పుడు ఆ పద్నాలుగేళ్ళ పిల్ల నోట్లోంచి నా గొంతు వచ్చింది. ఆ సాగదీత, ఆ ‘తమరు’, చివర్లో ఆ చిన్న విరుపు, అన్నీ నావే. “సముద్రం కోసిందా, తమరు కోస్తున్నారా అండీ?”

నాకు గుర్తొచ్చింది. జూన్ మూడో వారం. కొత్తగా చేరిన పిల్లల ఆధార్ కాగితాలు కంప్యూటర్లో ఎక్కించాలి. తొమ్మిదో తరగతిలో ఒక్కరిది రాలేదు. లెక్కల పీరియడ్‌లోనే లేపి అడిగాను. ఆ పిల్ల మెల్లగా, “సముద్రం కోసుకుపోయిందండి. ఇంటితో పాటు పోయిందండి” అంది. మా జిల్లాలో కోత అంటే పొలంలో వరి కోత. ఒడ్డున ఉన్నవాళ్ళకు సముద్రపు కోత. అందరికీ తెలిసింది మాటల కోత, గొప్పలు చెప్పడం, అబద్ధం చెప్పడం. ఆ మాట వినగానే నా నోటికి ఆ మూడో అర్థం వచ్చేసింది. తరగతి ఘొల్లుమంది. మాట బాగా కుదిరిందని లోపల సంతోషించాను కూడా. మర్నాడు మీ సేవలో ఆధార్ కాపీ తెమ్మని చెప్పాను. తెచ్చింది. ఎక్కించాం. నా మటుకు అక్కడితో అయిపోయింది.

కాగితం మీద రాయాలి. ‘అంతకు ముందు’ అన్న ఆఖరి గడిలో నా హోదా, నేనన్న మాట రాశాను.

ఎస్తేరు రాణి గారు నూకరత్నాన్ని అడిగారు. ఆ రోజు ఎక్కడ తెలిసిందమ్మా?

“నవ్వొచ్చిందండి” అంది.  “అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వానండి. ఇంటికెళ్ళాక అమ్మతో చెప్పలేదండి. ఇల్లు పోయిందంటే సారే నమ్మలేదంటే, అమ్మ ఇంకెవరికి చెప్పుకుంటాదండి?”

నేను రాసుకున్నాను. ఆవిడ అప్పుడు నా వైపు తిరిగారు. మాట్లాడకూడదన్న నియమం పెట్టింది ఆవిడే కాబట్టి నాకు అర్థం కాలేదు.

“సార్, ఇప్పుడు తమరి వంతండి. ఆ అమ్మాయి చెప్పింది తిరిగి చెప్పాలి.”

ఇద్దరు పిల్లల ముందు, నా కింద పనిచేసే ఉపాధ్యాయురాలు నాకు అప్పజెప్పమంటున్నారు. ముప్ఫై ఏళ్ళకు పైబడిన సర్వీసులో అలాంటిది జరగలేదు. లేచి వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళగలిగే అధికారం ఆ గదిలో నాకొక్కడికే ఉంది. వెళ్ళకపోవడం నా గొప్ప కాదు. వాక్యం కళ్ళముందు నా చేతిరాతతోనే ఉంది. చదివాను. మొదటిసారి ‘సారే నమ్మలేదంటే’ దగ్గర గొంతు తడబడింది. ఆవిడ ఇంకోసారి అన్నారు. రెండోసారి సరిగ్గా వచ్చింది.

ఆఖరి ప్రశ్న, ఇది ముగియాలంటే ఎవరికేం కావాలి. దుర్గ తనకు సారీ చెప్పాలంది. నూకరత్నం వెంటనే చెప్పింది, కంచంతో కొట్టడం తప్పు అని. నీకేం కావాలమ్మా అంటే నూకరత్నం, దుర్గ సారీ చెప్పక్కర్లేదంది. “ఆ మాట ఎక్కడన్నారో అక్కడే, మేం చెప్పింది అబద్ధం కాదని సార్ చెప్పాలండి.”

పిల్లలు వెళ్ళాక నేను ఎస్తేరు రాణి గారితో, ఆదివారం ఉప్పాడ వెళ్ళి చూసొస్తాను, సోమవారం తరగతిలో చెప్తాను అన్నాను. బాధ్యతగా మాట్లాడుతున్నానని అనుకున్నాను.

“చూసొచ్చి చెప్తే అది సాక్ష్యం అవుతుంది సార్. ఆ పిల్ల అడిగింది సాక్ష్యం కాదు కదండీ. నమ్మమంది.”

అందుకని చూడకుండానే, మర్నాడే, మూడో పీరియడ్‌లో చెప్పాను. నల్లబల్ల ముందు నిలబడి, జూన్‌లో నూకరత్నం తన ఇల్లు సముద్రంలో పోయిందని చెప్పింది, అది నిజం, దాన్ని అబద్ధమన్నట్టు నేను నవ్వులాటకన్న మాట తప్పు, ఆ పేరు ఇక ఈ గదిలో వినపడకూడదు అన్నాను. ఎవరూ నవ్వలేదు. లెక్కల్లో నా తప్పు పిల్లలు చూపిస్తే దిద్దుకున్న సందర్భాలున్నాయి. ఇలాంటిది అదే మొదలు. తర్వాత పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు పాఠం బాగా సాగలేదు.

మిగిలింది సత్తిబాబు గారు. కాగితం చేతికిచ్చి, ఆఖరి గడి దాకా చదవమన్నాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. 

“అయితే మాస్టారూ, టీసీ తమరికివ్వాలంటారేంటండి?”

“ఇవ్వచ్చండి” అన్నాను.

ఆయన నవ్వేశారు. ఆ నవ్వులో కోపం పూర్తిగా పోలేదు. “మా అమ్మాయి కూడా నిన్నటి నుంచి ఒకటే గొడవండి, స్టేషన్‌కెళ్తే నేను మొత్తం చెప్పేస్తానని. ఆయ్, మీ టీచరు గారు ఏం నేర్పారో గానీ, ఇంట్లో నన్ను కూడా అంతకు ముందు, అంతకు ముందు అని అడుగుతుందండి. స్థలం సంగతి మా భోజనాల దగ్గర నేనన్న మాటేనండి. బడిదాకా వస్తుందనుకోలేదు.” కేసు పెట్టలేదు. అలాగని మంచివాడైపోయి స్థలమేమీ ఇప్పించలేదు. అమ్మాయిలిద్దరూ ఒకే వరసలో కూర్చోకూడదన్నారు. సరేనన్నాను. పదో తరగతిలో వాళ్ళే ఒకే బల్ల మీదికి మారారు. అది స్నేహమో, ఫ్యాను కింద చోటు కోసమో నేను విచారించలేదు.

మంగను పిలిచి, సంతకం అవసరం లేదమ్మా అని చెప్పాను. “పోన్లెండి” అంది. పొలానికి ఆలస్యమవుతుందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా బడిలో గొడవలు జరగలేదని రాయను. జరిగాయి. ఇంకోసారి ఎవరికీ కుట్లు పడలేదు, అంతవరకే చెప్పగలను. ఎస్తేరు రాణి గారు శనివారాలు ఆఖరి పీరియడ్ మానలేదు. నా కింద పనిచేసిన వాళ్ళలో నాకు పాఠం చెప్పింది ఆవిడ ఒక్కరే. పైవాళ్ళకు ఒక్క మాట చెప్పలేదు, స్టాఫ్ రూమ్‌లోనూ చెప్పలేదు. నేను రిటైరై బాధ్యతలు అప్పగిస్తున్నప్పుడు ఫైల్లో ఆ కాగితం కనిపించింది. ఒక వైపు నేను రాసిన అర్జీ, కింద సంతకం ఖాళీ. రెండో వైపు గడులు. తీసెయ్యమంటారా అని ఆవిడను అడిగాను. రికార్డు కదండీ, ఉండనివ్వండి అన్నారు. ఉండనిచ్చాను. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పే సందర్భం అదే. ఫైలు కట్టడంలో పడి చెప్పలేదు.

ఉప్పాడ తర్వాత వెళ్ళాను. అక్కడ ఏం చూశానో ఇక్కడ అవసరం లేదు.

సంస్మరణ సభ రోజు చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. నూకరత్నం. కాకినాడలో నర్సింగ్ చదువుతోందట. టీచరు గారి గురించి ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. వెళ్ళబోతూ చెప్పింది. “సార్, మా పెద్దమ్మగారి ఇల్లు కూడా పోయిందండి.”

“ఎప్పుడమ్మా?”

“వినాయక చవితి వెళ్ళిన మూడో రోజండి.”

“అంతకు ముందు?”

“అంతకు ముందు వరండా పోయిందండి. దానికి ముందు కొబ్బరిచెట్లు...” ఆ అమ్మాయి చెప్తూ వెళ్ళింది. నేను వింటూ నిలబడ్డాను.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నవి రెండు. వెటకారం తిరిగి అనగలిగినవాళ్ళతోనే ఆడాలి. సత్తిబాబు గారు నాకు తిరిగి అనగలరు, తరగతిలో కూర్చున్న పిల్లలు అనలేరు. రెండోది, బడిలో గొడవ గురించి కాగితం రాసేటప్పుడు ‘అంతకు ముందు’ అన్న గడి ఖాళీగా వదలకూడదు. అందులో రాయాల్సి వచ్చేది రాస్తున్నవాడి పేరే అయినా సరే.